ఆ 4 వేల కెమెరా వెనక్కి పంపించేయండి

ప్రశ్న: నాకు 63 ఏళ్ళు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. ఫోనుతో ఫొటో తీయాలంటే నాకు టెన్షన్. ఒకచోట నొక్కితే ఇంకోటి తెరుచుకుంటుంది. సరిగ్గా పిల్లలు నవ్వే టైముకి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. సెలవులకి మనవడు, మనవరాలు వచ్చినప్పుడు, ఇంట్లో వ్రతాలకీ పుట్టినరోజులకీ, ఉప్పలపాడు పక్షుల్ని చూడటానికి వెళ్ళినప్పుడు వాడుకునేందుకు చిన్న డిజిటల్ కెమెరా కావాలి. బటన్ నొక్కితే ఫొటో రావాలి, అంతే. 15 వేల దాకా పెట్టగలను. మా అబ్బాయేమో 48 మెగాపిక్సెళ్ళు, ఫోర్‌కే, 16 ఎక్స్ జూమ్ అని రాసి ఉన్న కెమెరా ఒకటి ఆన్‌లైన్‌లో 4 వేలకే ఆర్డరు పెట్టేశాడు. "నీకిది చాలమ్మా" అంటున్నాడు. మా తమ్ముడు తన పాత డీఎస్ఎల్ఆర్ (లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా) ఇస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, గుంటూరు

నమస్కారమండీ.

ముందు అర్జెంటు సంగతి. ఆ పార్సిల్ వచ్చాక సీలు విప్పకుండా వెనక్కి పంపించేయమనండి. మీ అబ్బాయి మీద కోప్పడకండి, ఆ ప్రకటనలు చూస్తే ఎవరైనా అలాగే పడతారు. పేరూ ఊరూ లేని ఆ 4 వేల కెమెరాల్లో సాధారణంగా చవక ఫోన్లలో వాడే బాపతు సెన్సరే (వెలుతురుని పట్టి బొమ్మగా మార్చే ముక్క) ఉంటుంది. అది తీసిన చిన్న బొమ్మను సాఫ్ట్‌వేర్ సాగదీస్తే ఆ 48 మెగాపిక్సెళ్ళు వస్తాయి (మెగాపిక్సెల్ అంటే బొమ్మలో 10 లక్షల చుక్కలు). 16 ఎక్స్ జూమ్ కూడా అంతే. బటన్ నొక్కితే లెన్సు ముందుకు రాదు, తెర మీద బొమ్మ పెద్దదవుతుంది, దాంతోపాటు మసకా పెద్దదవుతుంది. చాలావాటిలో ఫోకస్ కూడా ఫ్యాక్టరీలోనే ఒక దూరానికి బిగించేసి ఉంటుంది. మీ మనవరాలు దగ్గరికొచ్చి నాలుక బయటపెట్టిందనుకోండి, వెనకున్న బీరువా స్పష్టంగా పడుతుంది, పిల్ల పడదు.

ఇలాంటివాటిని గుర్తుపట్టడం తేలికే. లెన్సు చుట్టూ ఉన్న రింగు మీద అంకెలు చూడండి. నిజంగా జూమ్ అయ్యే లెన్సు మీద 5-25 ఎంఎం లాగా మధ్యలో గీతతో రెండు అంకెలు ఉంటాయి. ఒక్క అంకే ఉందంటే ఆ లెన్సు జూమ్ అవ్వదన్నమాట. ప్రకటనలో అయితే "ఆప్టికల్ జూమ్" అన్న మాట కోసం వెతకండి. ఆ మాట లేకుండా ఎన్ని ఎక్స్‌లు రాసినా లెక్కలోకి తీసుకోకండి.

తమ్ముడిగారి డీఎస్ఎల్ఆర్‌ని మర్యాదగా వద్దనండి. వీటన్నిటిలోకీ మంచి ఫొటో తీసేది అదే, కాదనను. కానీ లెన్సుతో కలిపి అర కిలో దాటుతుంది, రెండు చేతులూ కావాలి, నాలుగు రోజులకి బీరువా ఎక్కుతుంది. మీకు కావలసింది హ్యాండ్‌బ్యాగులో తాళాలగుత్తి పక్కన పడి ఉండే వస్తువు.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. మీ ఫోను మరీ పాతది కాకపోతే, 15 వేల లోపు వచ్చే కెమెరా దానికన్నా మంచి ఫొటో తీస్తుందని ఆశపడకండి. ముఖ్యంగా రాత్రిపూట, ట్యూబులైటు వెలుగులో. ఇలాంటి కెమెరాల్లో ఎక్కువ వాటి సెన్సరు సుమారు 6 మిల్లీమీటర్ల పొడవు, నాలుగున్నర మిల్లీమీటర్ల వెడల్పు. చిటికెన వేలి గోరులో సగం కూడా ఉండదు. దాని మీద పడే వెలుతురే కాస్తంత. ఫోను సెన్సరూ చిన్నదే, కాని అది మీకు తెలియకుండా వెంటవెంటనే నాలుగైదు ఫొటోలు తీసి, కలిపి, శుభ్రం చేసి ఒకటిగా చూపిస్తుంది. చవక కెమెరాకి అంత తెలివి లేదు. ఉన్నది ఉన్నట్టు తీస్తుంది.

మరి కొనడం ఎందుకు? మీరు రాసిన కారణాలకే. అవి చిన్న కారణాలేం కాదు. వేలికి తగిలే నిజమైన బటన్ ఉంటుంది. ఫొటో తీస్తుంటే ఎవరూ ఫోన్ చేయరు. నిజంగా ముందుకొచ్చే జూమ్ ఉంటుంది. ఫోనులో ఉండేది టార్చిలాంటి లైటు, కెమెరాలో ఉండేది అసలైన ఫ్లాష్. సాయంత్రం వ్రతం దగ్గర కూర్చున్నవాళ్ళ ముఖాలు కదిలిపోకుండా పడేది దానివల్లే. ఆ ఫ్లాష్ వెలుగు అందేది మాత్రం సుమారు 3 మీటర్ల దాకానే, అంటే పది అడుగులు. హాలు ఈ చివర నిలబడి ఆ చివరున్న వాళ్ళని తీస్తే చీకటే వస్తుంది. రెండడుగులు ముందుకెళ్ళి తీయాలి.

కొనడానికి వెళ్తే షాపులో మీకు పెద్దగా రకాలు కనిపించవు. 2010లో ప్రపంచం మొత్తం మీద ఇలాంటి చిన్న కెమెరాలు 10 కోట్లకు పైగా మార్కెట్లోకి వెళ్ళాయి. 2023కి ఆ లెక్క 20 లక్షల లోపుకి పడిపోయింది. జపాన్ కెమెరా కంపెనీల సంఘం ఏటా ఈ అంకెలు ప్రకటిస్తుంది. ఫోనులే మింగేశాయి. ఒకప్పుడు ప్రతి షాపు అద్దాల బీరువాలో వరసగా ఉండే కానన్ ఇక్సస్‌లు, సోనీ సైబర్‌షాట్‌లు, నికాన్ కూల్‌పిక్స్‌లు ఇప్పుడు అరుదైపోయాయి. పైగా ఈమధ్య కాలేజీ పిల్లలకి పాత డిజిటల్ కెమెరాల మీద మోజు పుట్టింది, దాంతో సెకండ్‌హ్యాండ్ రేట్లు కూడా పైకెళ్ళాయి. అమ్మమ్మా, మనవరాలూ ఒకే వస్తువు కోసం వెతుక్కోవడం నాకైతే సరదాగానే ఉంది.

కొత్తదే కావాలంటే కొడాక్ పిక్స్‌ప్రో వరసలో ఎఫ్‌జడ్45, ఎఫ్‌జడ్55 అని రెండున్నాయి. కొడాక్ పేరు వాడుకునే హక్కు తీసుకుని జేకే ఇమేజింగ్ అనే సంస్థ తెస్తున్న కెమెరాలివి. రెండూ 16 మెగాపిక్సెళ్ళవే. 45లో 4 రెట్ల ఆప్టికల్ జూమ్, 55లో 5 రెట్లు. ఆ ఒక్క రెట్టూ పట్టించుకోవాల్సింది కాదు. అసలు తేడా బ్యాటరీ దగ్గరుంది. 45లో మనం గోడగడియారంలో వేసే పెన్సిల్ సెల్లులు రెండు పడతాయి. 55లో ఛార్జింగ్ బ్యాటరీ. మీకు నేనైతే 45 చెబుతాను. ఛార్జింగ్ మర్చిపోయినా భయం లేదు, వీధి చివర కిరాణా కొట్లో సెల్లు దొరుకుతుంది. పదేళ్ళ తర్వాత "ఈ మోడల్ బ్యాటరీ రావట్లేదండీ" అనే మాట వినక్కర్లేదు. అయితే గడియారానికి వేసే చవక సెల్లులు వేశారంటే నాలుగు ఫ్లాష్‌లకే చేతులెత్తేస్తాయి. రీఛార్జబుల్ నికెల్ సెల్లులు నాలుగు, వాటి ఛార్జరు ఒకటి కొనుక్కోండి. రెండు కెమెరాలో, రెండు డబ్బాలో. ఆల్కలైన్ సెల్లులు ఆపద్ధర్మానికి.

మెగాపిక్సెళ్ళు 16 సరిపోతాయా అని మీ అబ్బాయి అడుగుతాడు కాబట్టి లెక్క చెబుతాను. 4×6 అంగుళాల ప్రింటు శుభ్రంగా రావాలంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున 1200×1800, అంటే 22 లక్షల చుక్కలు. రెండుంపావు మెగాపిక్సెళ్ళు కూడా లేదు. గోడకి తగిలించే 8×12 వేయించినా తొమ్మిది లోపే. 16 మీకు ధారాళం.

కొనేముందు మాత్రం చేత్తో పట్టుకుని చూడాల్సిందే. ఈ ఒక్క విషయంలో నేను మొండిగా ఉంటాను. గుంటూరులో దొరక్కపోతే విజయవాడ వెళ్ళండి, గవర్నరుపేట, బీసెంట్ రోడ్డు వైపు ఒక పూట తిరగండి. ఆన్‌లైన్‌లో రేటు ఓ అయిదొందలు తగ్గొచ్చు, కాని మీ వేళ్ళకి ఆ బటన్లు సరిపోతాయో లేదో ఆన్‌లైన్ చెప్పదు. కెమెరా చేతికిచ్చాక షాపతన్ని ఏమీ చెప్పొద్దనండి. మీ అంతట మీరు ఆన్ చేసి, ఒక ఫొటో తీసి, దాన్ని వెనక్కి తెచ్చి చూడండి. ఈ మూడు పనులూ ఎవర్నీ అడక్కుండా అయిపోతే ఆ కెమెరా మీకు నప్పినట్టే. ఆన్ బటన్ కూడా చూసుకోండి. కొన్నిటిలో అది సన్నగా, లోపలికి అణిగి, ఫొటో బటన్ పక్కనే ఉంటుంది. ఫొటో తీద్దామని నొక్కితే కెమెరా ఆగిపోతుంది. మెనూలో అక్షరాలు మీరు మామూలుగా పెట్టుకునే కళ్ళద్దాలతో కనిపించాలి, చదువుకునే కళ్ళద్దాలు వెతుక్కునే పని ఉండకూడదు. తర్వాత కెమెరాని షాపు గుమ్మం బయటికి, ఎండలోకి తీసుకెళ్ళి తెర చూడండి. వద్దంటే ఆ షాపే వద్దు. ఈ కెమెరాలకి కన్ను పెట్టి చూసే కిటికీ ఉండదు, తెరే ఆధారం. మన ఊళ్ళ ఎండలో చాలా తెరలు నల్లటి అద్దాల్లా కనిపిస్తాయి. వెలుగు పెంచే సెట్టింగు మెనూలో ఉందేమో, ఉంటే పెంచి చూపించమనండి.

"బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అంటారు. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 18 శాతం, 2019 జనవరికి ముందు 28 ఉండేది. 15 వేల వస్తువులో పన్ను దాదాపు 2,300 అవుతుంది కాబట్టి ఆశ పుడుతుంది. వద్దండీ. లెన్సు ఇరుక్కుపోయిన రోజు వారంటీకి పనికొచ్చేది ఆ బిల్లే.

సెకండ్‌హ్యాండ్ సంగతికొస్తాను. తెలిసినవాళ్ళ దగ్గర, జాగ్రత్తగా వాడుకున్నవాళ్ళ దగ్గర దొరికితే అది కొత్త పిక్స్‌ప్రో కన్నా మెరుగు. కారణం ఒకటే, ఆప్టికల్ స్టెబిలైజేషన్. చెయ్యి వణికినప్పుడు లెన్సులోని ఒక ముక్క అటూ ఇటూ కదిలి ఆ వణుకుని సర్దుతుంది. 63 ఏళ్ళ చేతికి ఇది మెగాపిక్సెళ్ళ కన్నా వెయ్యి రెట్లు ఎక్కువ ఉపయోగం. ఇక్కడే కంపెనీలు తికమక పెడతాయి. సోనీ డబ్ల్యూ800, డబ్ల్యూ830 చూడ్డానికి అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి, ఈ సదుపాయం ఉన్నది 830లోనే. కానన్ ఇక్సస్ 185, 190 కూడా అంతే, ఉన్నది 190లో. అంకె ఒకటికి రెండుసార్లు చూసి తీసుకోండి.

పాత కెమెరాని మీరే చూసుకోవాల్సి వస్తే, ఆన్ చేసినప్పుడు లెన్సు బయటికొచ్చే చప్పుడు వినండి. గరగరమందంటే లోపల ఇసుకో దుమ్మో చేరినట్టు, అది ఏదో ఒకరోజు సగంలో ఆగిపోతుంది. తెల్లగోడని ఫొటో తీసి పెద్దది చేసి చూడండి, నల్లమచ్చలు కనిపిస్తే సెన్సరు మీద దుమ్ము పట్టినట్టే. ఫోను టార్చి లెన్సు మీదికి ఏటవాలుగా వేస్తే సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. కృష్ణ ఒడ్డున ఉండే తేమకి ఇది మామూలే, అయినా తీసుకోకండి. బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఫొటోలు దాచే మెమరీ కార్డు ఏ రకమని. 2010కి ముందు సోనీ కెమెరాలు మెమరీ స్టిక్ అనే వాళ్ళ సొంత కార్డు మాత్రమే తీసుకునేవి. ఒకప్పటి ఒలింపస్, ఫ్యూజీ కెమెరాల్లో ఎక్స్‌డీ కార్డు ఉండేది. అవి ఇప్పుడు వెతుక్కోవాలి. మామూలు ఎస్డీ కార్డు పట్టేదైతేనే మాట్లాడండి. మీ బ్రాడీపేటలోనే ఏ ఫొటో స్టూడియోకైనా తీసుకెళ్ళి చూపిస్తే అయిదు నిమిషాల్లో తేల్చేస్తారు, ఓ వంద చేతిలో పెట్టండి.

ఇక పక్షులు. ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద గూళ్ళు కట్టుకునే గూడబాతుల్ని, రంగు కొంగల్ని చూస్తే ఎవరికైనా ఫొటో తీయాలనిపిస్తుంది. కాని ఇక్కడ మీ బడ్జెట్టూ మీ కోరికా కలవవు. 5 రెట్ల జూమ్ పూర్తిగా లాగినా, 50 మీటర్ల దూరంలో దాదాపు 13 మీటర్ల వెడల్పు చోటు ఫొటోలో పడుతుంది. మీటరు ఎత్తున్న కొంగ అందులో ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. అదే కానన్ ఎస్‌ఎక్స్620 లాంటి 25 రెట్ల జూమ్ ఉన్నదైతే 3 మీటర్ల లోపు చోటే పడుతుంది, కొంగ ముక్కు రంగు కూడా తెలుస్తుంది. దానికి ఆప్టికల్ స్టెబిలైజేషన్ కూడా ఉంది, జేబులోనూ పడుతుంది. మంచి స్థితిలో ఉన్నది సెకండ్‌హ్యాండ్‌లో మీకు అందే ధరకి వస్తే మిగతావన్నీ వదిలేసి అదే తీసుకోండి. రాకపోతే పక్షుల దగ్గరి ఫొటోల ఆశ వదులుకోండి. పక్షుల్ని చెట్టుతో, చెరువుతో, ముందు నిలబడ్డ మనవడితో కలిపి తీయండి. నిజం చెప్పాలంటే ఇంట్లోవాళ్ళు పదేళ్ళ తర్వాత చూసుకునేవి అలాంటివే. ఉత్త కొంగ బొమ్మని ఎవరూ రెండోసారి తెరిచి చూడరు.

కెమెరా ఇంటికొచ్చిన రోజు చేయాల్సిన మొదటి పని తేదీ, టైము పెట్టడం. మర్చిపోతే ఫొటోలన్నీ ఏదో పాత సంవత్సరం జనవరి 1న తీసినట్టు నమోదవుతాయి, తర్వాత ఏ పండగ ఏదో మీకే తెలియదు. ఫొటో మీద తేదీ ముద్రించే సెట్టింగు కొన్నిటిలో ఉంటుంది. కుర్రకారుకి నచ్చదు కాని మీరు ఆన్ చేసుకోండి, నాకిష్టం. మెనూలో డిజిటల్ జూమ్ (ఇందాక చెప్పిన, బొమ్మని సాగదీసే జూమ్) అని కనిపిస్తే ఆపేయండి. మోడ్ ఆటోలో పెట్టి మళ్ళీ ముట్టుకోకండి. ఒక్కటి మాత్రం అలవాటు చేసుకోవాలి. ఫొటో బటన్‌ని ఒకేసారి పూర్తిగా నొక్కకుండా ముందు సగం నొక్కి ఆగండి, తెర మీద పచ్చ డబ్బా వస్తుంది, చాలావాటిలో కీచుమని చప్పుడు కూడా వస్తుంది. అప్పుడు మిగతా సగం నొక్కండి. ఈ కెమెరాలు ఫోకస్ పట్టడానికి క్షణం తీసుకుంటాయి. పిల్లలు పరిగెడుతుంటే వాళ్ళు వచ్చి ఆగే చోటుని ముందే సగం నొక్కి పట్టుకుని ఉంటే సరి.

రాత్రి ప్రకాశం బ్యారేజీ దీపాలు తీయాలంటే ఫ్లాష్ ఆపేసి, కెమెరాని ఏ పిట్టగోడ మీదో పెట్టి, 2 సెకన్ల టైమరు పెట్టండి. చెయ్యి తగలదు కాబట్టి కదలదు.

రోహిణి కార్తె ఎండలో కారులో వదిలేయకండి. ఏసీ కారులోంచి దిగగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది, తుడవకండి, పది నిమిషాలు బ్యాగులోనే ఉంచండి. కార్డు 32 జీబీది చాలు, అయిదారు వేల ఫొటోలు పడతాయి. అంతకన్నా పెద్దవి కొన్ని పాత కెమెరాలు గుర్తించవు. టైప్-సీ కార్డు రీడరు ఒకటి కొనుక్కుంటే కార్డు నేరుగా ఫోనుకి తగిలించి ఫొటోలు దించుకోవచ్చు. ఇంకో కాపీ పెన్‌డ్రైవులో వేసి అబ్బాయి ఇంట్లో ఉంచండి. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు విజయవాడలో ఎన్ని ఇళ్ళల్లో పెళ్ళి ఆల్బమ్‌లు నీళ్ళపాలయ్యాయో మీకు తెలియనిది కాదు.

ప్రింట్ల దగ్గర ఒక చిక్కు. ఈ కెమెరాలు తీసే ఫొటో 4:3 ఆకారంలో ఉంటుంది, 4×6 ప్రింటు 3:2. అడ్డంగా తీసిన ఫొటోని ప్రింటుకి సరిపెట్టేసరికి ఎత్తులో తొమ్మిదో వంతు కోతపడుతుంది. గ్రూపు ఫొటోలో వెనక వరస వాళ్ళ తలలు ఎగిరిపోయేది ఇందుకే. మెనూలో 3:2 ఉంటే అది పెట్టుకోండి, లేదంటే తలల పైన కొంచెం ఖాళీ వదిలి తీయండి. ప్రింటుకి వాట్సాప్‌లో పంపిన కాపీ ఇవ్వకండి, అది సైజు తగ్గించేస్తుంది. కార్డే స్టూడియోకి పట్టుకెళ్ళండి. ఇచ్చేముందు కార్డు పక్కనున్న చిన్న మీటని లాక్ వైపు జరపండి, అక్కడి కంప్యూటర్లో పొరపాటున ఏదీ చెరిగిపోకుండా ఉంటుంది. ఇంటికొచ్చి మళ్ళీ కెమెరాలో పెట్టేటప్పుడు మీటని వెనక్కి జరపడం మర్చిపోకండి. జరపకపోతే కార్డు లాక్ అయిందని చూపించి ఫొటో తీయదు, కెమెరా పాడైందేమోనని మీరు కంగారుపడతారు.